మసి పూసి మారేడుకాయ

స్పిట్‌ఫైర్‌లోకి పైలట్ ఎక్కేది ఎడమవైపు నుంచే. కాక్‌పిట్‌కు ఉన్న చిన్న తలుపు ఆ పక్కనే కిందికి వాలుతుంది. రెక్క మొదట్లో కాలు మోపి, తలుపు దాటి లోపలికి దిగుతాడు. బెల్టులు బిగించడానికి అతని వెనకే మెకానిక్ ఎక్కుతాడు. రోజూ అన్ని బూట్లు తొక్కే చోట రంగు ఎంతకాలం నిలుస్తుంది? ఎడమ రెక్క మొదలు అరుగుతుంది, కుడి రెక్క మొదలు అంతగా అరగదు. 1/48 స్కేలు మోడల్ మీద ఆ అరిగిన మేర చిటికెన వేలి గోరంత. ఆ గోరంత చోట మోడలర్ ఆయిల్ రంగుతో ఏం చేశాడో చూస్తే చాలు, అతను చేసింది విమానమా, విమానం బొమ్మా అన్నది తేలిపోతుంది.

ఎండకు వెలిసిన రంగు, వానకు కారిన చార, ఇంజిన్ కక్కిన మసి, ఒలికిన పెట్రోలు, ఎగిరిన దుమ్ము. వీటన్నిటినీ మెరిసిపోయే కొత్త మోడల్ మీదికి తెచ్చే పనిని మోడలర్లు వెదరింగ్ అంటారు. మసి పూసి మారేడుకాయ చేయడమంటే మన దృష్టిలో మోసమే. ఈ ఒక్క విద్యలో మాత్రం మసి పూస్తేనే ప్లాస్టిక్ ముక్కకు నిజం అబ్బుతుంది.

నేను మాట్లాడుతున్నది ఒక మిత్రుడి అద్దాల బీరువాలో ఉన్న స్పిట్‌ఫైర్ మార్క్ 8 గురించి. బ్రిటిష్ వైమానిక దళంలోని 152వ స్క్వాడ్రన్‌ది. ఆ స్క్వాడ్రన్ పేరులోనే హైదరాబాద్ ఉంది. నిజాం ఇచ్చిన విరాళానికి గుర్తుగా దాన్ని హైదరాబాద్ స్క్వాడ్రన్ అని పిలిచారు. దాని చిహ్నంలో కనిపించేది నిజాం తలపాగా. 1940లో దక్షిణ ఇంగ్లండ్ తీరాన్ని కాచిన ఆ దళం, 1943 చివర్లో మన తూర్పు సరిహద్దుకు వచ్చి ఇంఫాల్ మీద, బర్మా మీద ఎగిరింది. విమానం పక్కన గుండ్రటి గుర్తు మీదుగా దూకుతున్న నల్ల చిరుత బొమ్మ ఉంటుంది. ఆ గుండ్రటి గుర్తులో ఎరుపు ఉండదు. జపాన్ విమానాల మీది ఎర్ర సూర్యబింబంతో ఎవరూ పొరబడకూడదని ఈ రంగంలో ఎరుపు తీసేసి, ముదురు నీలం మధ్యలో లేత నీలం పెట్టారు. మనవాళ్ల పేరున్న విమానం కదా అన్నది మోడల్ చేయడానికి నా మిత్రుడు చెప్పే సాకు. అసలు ఆకర్షణ వేరు. ఎండ, వాన, దుమ్ము మూడూ పోటీపడి రంగును తినేసిన చోటు బర్మా. ఆయిల్ రంగు తెలిసినవాడికి అంతకన్నా మంచి పని ఎక్కడ దొరుకుతుంది?

ముందు ఆయిల్ లేని దశ చూడాలి. ఎయిర్‌బ్రష్‌తో అక్రిలిక్ రంగులు పడ్డాయి. పైన ముదురాకుపచ్చ, మట్టిరంగు అలలు అలలుగా, కింద బూడిదరంగు. అసలు విమానం ఈ రెక్క కొస నుంచి ఆ రెక్క కొసకు 11 మీటర్ల పైచిలుకు. మోడల్ 23 సెంటీమీటర్లు. ఆ దీర్ఘవృత్తపు రెక్కల వంపు ఎన్నిసార్లు చూసినా కన్ను ఆగిపోతుంది. అయినా ఏదో వెలితి. రూపం ఉంది, వయసు లేదు. ఆకుపచ్చ ఎక్కడ చూసినా ఒకే ఆకుపచ్చ. ఆ విమానం ఎక్కడా నిలబడలేదు, ఎక్కడికీ ఎగరలేదు, ఎవరి చేతా తిట్లు తినలేదు.

ఇక్కడే ట్యూబు మూత తీస్తారు.

ఆయిల్ రంగు అక్రిలిక్‌లా ఆరదు. అక్రిలిక్‌లోని నీరు గాలిలో కలిసిపోతుంది, నిమిషాల్లో పని అయిపోతుంది. ఆయిల్ రంగులోని అవిసె నూనె ఎక్కడికీ పోదు. గాలిలోని ఆక్సిజన్‌ను మెల్లగా పీల్చుకుని గట్టిపడి పొరగా మారుతుంది. అందుకు గంటలు, ఒక్కోసారి రోజులు పడతాయి. కాన్వాసు మీద బొమ్మలు వేసేవారికి ఇది వందల ఏళ్ల పాత సంగతే. మోడలర్‌కు మాత్రం ఈ నిదానమే వరం. వేసిన రంగును గంట తర్వాత కూడా జరపవచ్చు, పలచన చేయవచ్చు, పూర్తిగా తుడిచేసి మొదటికి రావచ్చు. కింద ఉన్న అక్రిలిక్ పొర ఆయిల్‌ను పలచన చేసే థిన్నర్‌కు కరగదు కాబట్టి కుంచె ఎంత తచ్చాడినా అడుగు చెదరదు. మనసు మార్చుకునే హక్కు ఇంతగా ఇచ్చే రంగు మరొకటి లేదు.

ఒక చిన్న కిటుకు ఉంది. ట్యూబులోంచి తీసిన రంగును నేరుగా వాడరు. ఒక అట్ట ముక్క మీద పెట్టి కొంతసేపు వదిలేస్తారు. అట్ట మిగులు నూనెను లాగేసుకుంటుంది, రంగు చుట్టూ నూనె వలయం ఏర్పడుతుంది. మిగిలిన రంగు పొడిగా, మెరుపు లేకుండా, త్వరగా ఆరేలా తయారవుతుంది. రంగుల్లోనూ తొందర, నిదానం ఉంటాయి. రా అంబర్ అనే గోధుమ మట్టిరంగులో సహజంగా మాంగనీసు ఉంటుంది, అది నూనె ఆరడాన్ని వేగిరం చేస్తుంది. ఐవరీ బ్లాక్ మాత్రం ఎంత బతిమాలినా రోజుల తరబడి తడిగానే ఉంటుంది. వెదరింగ్ చేసేవారి బల్ల మీద అంబర్ ట్యూబు ఎప్పుడూ ముందు అయిపోవడానికి రంగు ఒక్కటే కారణం కాదు, ఆరే గుణం కూడా.

ఇప్పుడు దగ్గరికి వద్దాం. కాక్‌పిట్ వెనక, తోకవైపు సాగే ఆకుపచ్చ రేకు. దాని మీద సన్న కుంచె మొనతో మూడు నాలుగు రంగుల చుక్కలు పెడతాడు: ఒకటి పసుపు కలిసిన లేత మట్టిరంగు, ఒకటి తెల్లటి బూడిద, ఒకటి ముదురు ఆకుపచ్చ, అక్కడక్కడా ఆవగింజంత అంబర్. ఆ క్షణంలో చూస్తే విమానానికి తట్టు పోసినట్టు ఉంటుంది. కొత్తవాళ్లు ఇక్కడే బెదిరిపోతారు. తర్వాత చదును కుంచెను థిన్నర్‌లో ముంచి, టిష్యూ కాగితం మీద దాదాపు పొడిగా అయ్యేదాకా ఒత్తుతాడు. దాంతో పైనుంచి కిందికి, అతి తేలికగా, ఒకే దిక్కున లాగుతాడు. చుక్కలు చారలవుతాయి. మళ్లీ లాగితే చారలు నీడలవుతాయి. మళ్లీ లాగితే నీడలు కూడా పోయి, ఏదో ఉందని అనిపించే ఒక వెలిసిన ఛాయ మాత్రం మిగులుతుంది. వేసిన రంగులో పదో వంతు కూడా మోడల్ మీద ఉండదు, తక్కినదంతా టిష్యూ కాగితానిదే. అయినా ఆ ఆకుపచ్చ ఇక మునుపటి ఆకుపచ్చ కాదు. ఒక అంగుళంలో ఐదారు ఆకుపచ్చలు, ఏది ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో చెప్పలేం. ఎయిర్‌బ్రష్ ఇంత సున్నితంగా మాట్లాడలేదు. దాని అంచు ఎంత మెత్తనైనా పొగమంచు మెత్తదనమే, వాడకపు మెత్తదనం కాదు.

లాగే దిక్కు కూడా కథలో భాగమే. ట్యాంకు మీద వెదరింగ్ చేసేవారికి ఒకటే దిక్కు, కిందికి. వాన కిందికే కారుతుంది, తుప్పు కిందికే జారుతుంది. విమానానికి రెండు జీవితాలున్నాయి. నేల మీద నిలబడ్డ గంటల్లో వాన దాన్ని పైనుంచి కిందికి కడుగుతుంది. గాలిలో ఉన్న గంటల్లో వేగం దాన్ని ముక్కు నుంచి తోకకు తుడుస్తుంది. నా మిత్రుడి స్పిట్‌ఫైర్ పక్కల మీద నిలువు చారలు, అడ్డు చారలు రెండూ ఉన్నాయి. నిలువువి లేత మట్టిరంగులో, దాదాపు కనిపించనంతగా. అడ్డువి ముదురుగా, ఇంజిన్ మూతల అతుకుల దగ్గర మొదలై వెనక్కి సన్నబడుతూ. ఈ రెండూ ఒకదాన్నొకటి కోసుకునే చోట నేను చాలాసేపు ఆగిపోయాను. వానాకాలమంతా తడుస్తూ నిలబడి, తెరిపి దొరకగానే ఎగిరిన యంత్రం అది. ఆ సంగతి ఎక్కడా రాసిలేదు.

చుక్కాని చూడండి. స్పిట్‌ఫైర్ ఒళ్లు చాలావరకు అల్యూమినియం రేకు, చుక్కాని బట్ట తొడిగినది. బట్ట మీది రంగు, లోహం మీది రంగు ఎండకు ఒకేలా వెలియవు. కాబట్టి తోక నిలువు రెక్క మీద ఉన్న ఆకుపచ్చకూ దాని వెనకే ఉన్న చుక్కాని ఆకుపచ్చకూ ఒక పిసరు తేడా ఉండాలి. ఆయిల్‌లో తెల్లటి బూడిదను నీళ్లలా పలచన చేసి చుక్కాని మీద మాత్రమే ఒక పొర తిప్పాడు. తేడా ఎంతంటే, చెప్పేదాకా కనిపించదు. చెప్పాక కనిపించకుండా ఉండదు.

మసి సంగతి. మెర్లిన్ ఇంజిన్‌కు ఒక్కో పక్కన ఆరు పొగగొట్టాలు. వాటి వెనక మసి నల్లగా ఉంటుందనుకుని నల్ల పొడి రుద్దేసేవారు చాలామంది. అప్పటి విమాన పెట్రోలులో సీసం కలిపేవారు. ఇంధనం తక్కువగా, గాలి ఎక్కువగా మండినప్పుడు సీసపు లవణాలు లేత బూడిదగా, గోధుమ చాయగా పేరుకుంటాయి. ఇంధనం ఎక్కువైనప్పుడు నల్ల మసి. అంటే ఆ చారలో ఇంజిన్ ఎలా నడిచిందన్న సమాచారమే ఉంది. దూరాలు ఎగిరే విమానం ఆదా కోసం పలచని మిశ్రమంతో నడుస్తుంది. ఈ మోడల్ మీద పొగచార అడుగున అంబర్, నలుపు కలిసిన పొర, దాని నడుమ పాలిపోయిన బూడిద నాలుక. రెండింటి సరిహద్దును ఆయిల్ కుంచెతో ఎంత మెత్తగా కలిపాడంటే, చూసేవాడి ముక్కుకు కాలిన నూనె వాసన తగులుతుంది. అతిశయోక్తి అనుకున్నా సరే, నాకు తగిలింది.

కాక్‌పిట్ అద్దానికి ముందు, ముక్కు మీద, పెట్రోలు పోసే మూత ఉంటుంది. స్పిట్‌ఫైర్ పెట్రోలు తొట్టి పైలట్ మోకాళ్ల ముందే ఉండేది, ఎంత ప్రమాదకరమో ఊహించుకోండి. ఆ మూత చుట్టూ ఒలికిన పెట్రోలు రంగును కొంచెం కడిగేసి, కొంచెం నిగనిగలాడించి, రెండు సన్నటి ధారలుగా పక్కలకు దిగింది. ధారల మొదలు మెరుపుగా, చివర మసకగా ఉంది. ఒకటి పాతది, ఒకటి కొత్తది. కొత్తదానికి మెరిసే వార్నిష్ చుక్క కలిపాడు. ఈ రెండు ధారల్ని చూస్తుంటే కంటి ముందుకు వచ్చేది పైలట్ కాదు. తెల్లవారకముందే నిద్రమొహంతో పైపు పట్టుకుని ముక్కు మీద కూర్చున్న సిపాయి.

నాకు ఈ కళలో పరమ రుచి ఇక్కడే. వైమానిక దళంలో ప్రతి యుద్ధ విమానానికీ ఇంజిన్ చూసే ఫిట్టర్, ఒళ్లు చూసే రిగ్గర్ ఉండేవారు. పుస్తకాల్లో పైలట్ల పేర్లు ఉంటాయి. వాళ్ల చిరుతలు, గుండ్రటి గుర్తులు, కూల్చిన లెక్కలు పక్కల మీద రంగుల్లో ఉంటాయి. అదంతా వాచ్యం, పైకి చెప్పినది. ఫిట్టర్, రిగ్గర్ మిగిల్చినవి బూటు గీతలు, జిడ్డు చేతి ముద్రలు, మూత తెరిచి మూసిన చోట లేచిన రంగు పెచ్చులు. అదంతా వ్యంగ్యం, చెప్పకుండానే ధ్వనించేది. 9వ శతాబ్దంలో కాశ్మీరంలో కూర్చుని కావ్యానికి ధ్వనినే ప్రాణంగా నిలిపిన ఆనందవర్ధనుడు ఈ మోడల్‌ను చూసి ఉంటే, చిరుత బొమ్మను దాటి నేరుగా పెట్రోలు మరక దగ్గరికే వచ్చేవాడని నా నమ్మకం. యుద్ధ విమానం రూపం వీరరసాన్ని పిలుస్తుంది. ఆయిల్ మరకలు దాన్ని నెమ్మదిగా పక్కకు నెట్టి, ఎవరో తెలియని మనుషుల చాకిరీ మీదికి మన చూపు మళ్లిస్తాయి. యుద్ధాన్ని పొగడకుండా యుద్ధ విమానాన్ని ప్రేమించే వీలు నాకు దొరికింది ఈ మరకల వల్లనే.

ధ్వని ఉన్నచోట ఔచిత్యం కూడా ఉండాలి. ఈ విద్యకు పట్టిన పెద్ద జబ్బు అతి. ప్రతి రేకు అతుకులోనూ వాష్ అనే పలచని నల్ల రంగు నింపి, ప్రతి రేకు నడుమనూ తెల్లబరిచి, విమానాన్ని చదరంగం బల్ల చేసే పద్ధతి ఒకటి బాగా చెలామణీలో ఉంది. ఫొటోలో గబుక్కున ఆకట్టుకుంటుంది, పోటీల్లో బహుమతులూ వస్తాయి. నాకది మేకప్ ఎక్కువైన నాటకం పాత్ర. ఎండకు రేకుల అతుకులతో పని లేదు, అది ఎక్కడ పడితే అక్కడ వెలిసేలా చేస్తుంది. కొలతలు కూడా మరిచిపోతారు. 1/48 మోడల్‌ను 30 సెంటీమీటర్ల నుంచి చూడటమంటే అసలు విమానాన్ని 14 మీటర్ల దూరం నుంచి చూడటం. ఆ దూరంలో అతుకులు నల్లటి గీతల్లా కనిపిస్తాయా? మోడల్ మీద ఒక మిల్లీమీటరు పెచ్చు లేపితే అసలు విమానం మీద అది దాదాపు 5 సెంటీమీటర్ల గాయం. అలాంటివి వంద పెడితే దాన్ని తుక్కుకు పంపాలి గాని యుద్ధానికి కాదు.

అటు చివర నిలబడి వాదించేవారూ ఉన్నారు. అసలు యుద్ధ విమానాలు ఇంత మురికిగా ఉండేవి కావు, వేగం తగ్గకూడదని తుడిచి మెరుగు పెట్టేవారు, చాలా విమానాలు మాయడానికి ముందే కూలిపోయేవి, కాబట్టి శుభ్రంగా ఉంచడమే నిజం అంటారు. ఇందులో సగం ఒప్పుకోవాల్సిందే. బ్రిటన్‌లోని గట్టి రన్‌వేల మీది విమానానికి ఈ మాట చెల్లుతుంది. దుమ్ములో దిగి, వానలో నానిన విమానానికి చెల్లదు. మిగతా సగం గురించి నా తీర్పు ఇది: తుడిచిన మచ్చ కూడా మచ్చే. మెకానిక్ గుడ్డతో తుడిచిన చోట మురికి పోయి, పక్కనున్న మురికి మరింత బయటపడుతుంది. ఆ తుడుపును కూడా చూపించగలిగేది మళ్లీ ఆయిలే, ఎందుకంటే మోడలర్ చేసేదీ ఆ మెకానిక్ చేసిందే. జిడ్డు, గుడ్డ, ఓపిక.

ఈ విద్య ఆకాశం నుంచి ఊడిపడలేదు. బెల్జియంకు చెందిన ఫ్రాంస్వా వెర్లిండెన్ లాంటివారు పలచని వాష్‌లనూ పొడి కుంచెనూ మోడలర్లకు అలవాటు చేశారు. ఆ తర్వాత స్పెయిన్ వాళ్లు దీన్ని దాదాపు చిత్రకళ చేశారు. మిగెల్ హిమెనెస్ అందులో పెద్ద పేరు. ఇప్పుడు మోడలర్ల కోసమే ఆయిల్ ట్యూబులు తయారవుతున్నాయి. అమెరికన్ మైక్ రినాల్డి తన టాంక్‌ఆర్ట్ పుస్తకాల్లో, వాష్‌కూ, ఫిల్టర్ అనే పలచటి రంగు పొరకూ వేర్వేరు సీసాలు అక్కర్లేదని, ఆయిల్ ఒక్కటే సాంద్రత మార్చుకుని అన్నీ చేయగలదని చూపించాడు. ట్యాంకుల కోసం చెప్పిన మాట అది. విమానాలకు ఇంకా బాగా నప్పుతుందని నాకనిపిస్తుంది, ఎందుకంటే విమానం తక్కువ మాటల్లో చెప్పించుకుంటుంది.

చిరుతను మరిచిపోయాననుకోకండి. నల్లటి డెకాల్ అంటించగానే అది విమానం మీద వేరే కాగితంలా లేచి నిలబడింది. ఎండలో నిలిచిన నలుపు నలుపుగా ఉండదు. నా మిత్రుడు దాని వీపు మీద పేన్స్ గ్రే రంగును పొగలా పలచన చేసి పరిచాడు. విలియం పేన్ అనే పాత ఇంగ్లిష్ నీటిరంగుల చిత్రకారుడి పేరున్న నీలి బూడిద అది. కడుపు కింద మాత్రం నలుపును ముట్టుకోలేదు. వీపున వెలిసి, పొట్టన నల్లగా మిగిలేసరికి చిరుతకు ఒళ్లు వచ్చింది. ఎండ దెబ్బ చూపబోతే కండ వచ్చి చేరింది. ఇది తెలిసి చేశాడో, చేయి తిరిగి చేసిందో అడగలేదు. అడిగితే నవ్వి ఊరుకునే రకం.

అన్నిటికన్నా మంచి పని విమానం కడుపు కింద ఉంది. మెర్లిన్ ఇంజిన్ నూనె కారేది. అది ముక్కు కింద నుంచి మొదలై, బూడిదరంగు పొట్ట పొడవునా వెనక్కి పాకేది. ఇక్కడ అంబర్, బర్న్‌ట్ సియెనా, నలుపు పొరలు పొరలుగా ఉన్నాయి. పాత నూనె మసకగా, దుమ్ము పట్టి. దాని మీద కొత్త నూనె తేనెరంగులో తడిగా. చక్రాల గూళ్ల అంచున ఎండిన బురద చిలకరింపు. పైభాగంలో ఉన్న సంయమనం ఇక్కడ సడలింది, సడలాలి కూడా, ఎందుకంటే అసలు విమానమూ ఇక్కడే సిగ్గు విడిచేది. బీరువాలో పెడితే ఇదేదీ కనిపించదు. చాలామంది మోడలర్లు అందుకే పొట్టను రెండు చారలతో వదిలేస్తారు. కనిపించని చోట ఎవరు ఎంత పని చేశారన్నది నాకు ఈ కళలో మనిషిని కొలిచే గజం. ఈ మోడల్ ఆ పరీక్షలో నూటికి నూరు. ఒకే ఒక లోపం చెప్పమంటే, తోక చక్రం దగ్గర బురద కొంచెం ఎక్కువైంది. మిత్రుడు ఒప్పుకోడు.

ఈ పని చేయాలనిపిస్తే పెద్ద సరంజామా అక్కర్లేదు. బొమ్మల రంగులు అమ్మే ఏ దుకాణంలోనైనా దొరికే రా అంబర్, పేన్స్ గ్రే, టైటానియం వైట్ ట్యూబులు, ఒక చదును కుంచె, ఒక సన్న కుంచె, అట్ట ముక్క, వాసన తక్కువ థిన్నర్ చాలు. అడుగు రంగు అక్రిలిక్ అయి ఉండాలి, దాని మీద వార్నిష్ పూర్తిగా ఆరి ఉండాలి. మొదటి ప్రయోగం పాడైనా బాధలేని మోడల్ మీద చేయండి. అంతకన్నా ముందు ఒక నిజమైన విమానాన్ని తీరిగ్గా చూడండి. విశాఖపట్నం ఆర్కే బీచ్‌లో మన నౌకాదళం 29 ఏళ్లు వాడిన టీయూ-142 మ్యూజియంగా నిలబడి ఉంది. సెల్ఫీ అయ్యాక దాని పొట్ట కిందికి వంగి, నూనె ఎటు కారేదో, దుమ్ము ఎక్కడ నిలుస్తుందో, చేతులు ఎక్కడ ఎక్కువ తాకుతాయో గమనించండి. ఇంటికొచ్చి ట్యూబు మూత తీసేటప్పుడు కిటికీలు మాత్రం బార్లా తెరవండి. వాసన తక్కువ థిన్నర్ కూడా మూసిన గదిలో తలనొప్పి తెస్తుంది.